జర్మనీలో ఏడాదికా, రెండేళ్ళకా: కుటుంబంతో వెళ్ళేవాళ్ళు ఇల్లు ఎంచుకునే లెక్క

జర్మనీలో ఇల్లు దొరకడం కష్టమని బయల్దేరే ముందే అందరూ చెబుతారు. దొరికిన ఇంటిని వదిలించుకోవడం ఎంత పనో మాత్రం తిరుగు టికెట్ చేతికొచ్చాకే తెలుస్తుంది. ప్రాజెక్టు మీద ఏడాదికో రెండేళ్ళకో భార్యాపిల్లలతో వెళ్ళేవాళ్ళు అద్దె కంటే ముందు రెండు విషయాలు కనుక్కోవాలి: నోటీసు ఎన్ని నెలలు, కొన్న సామాను చివర్లో ఎవరికి అంటగట్టాలి. అక్కడే స్థిరపడ్డవాళ్ళ సలహా ఈ విషయంలో పనికిరాదు. ఖాళీ ఇల్లు తీసుకుని సొంత వంటగది పెట్టుకోవడం వాళ్ళకి లాభమే. మీకు లాభమా కాదా అన్నది నెలల లెక్క.

దారులు మూడున్నాయి. మంచాల నుంచి గరిటెల దాకా అన్నీ అమర్చి ఇచ్చే ఇల్లు ఒకటి, దాన్ని 'మ్యోబ్లియర్ట్' అంటారు. రెండోది మామూలు లీజు మీద తీసుకునే ఖాళీ ఇల్లు. మూడోది, ఒక ఇంట్లో అద్దెకున్నవాళ్ళు ఆరు నెలలో ఏడాదో వేరే ఊరు వెళ్తూ, సామానుతో సహా ఆ ఇంటిని మనకిచ్చి వెళ్ళేది. దీన్ని 'ట్స్విషెన్‌మీటె' అంటారు.

ముందు ప్రకటన చదవడం నేర్చుకోవాలి. '3 జిమ్మర్' అంటే మూడు పడకగదులు అనుకుని పొరపడేవాళ్ళు చాలామంది. హాలు కూడా ఒక జిమ్మర్ కిందే లెక్క. వంటగది, బాత్‌రూమ్ లెక్కలోకి రావు. అంటే 3 జిమ్మర్ మన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు. 2 జిమ్మర్ అంటే ఒక పడకగది, ఒక హాలు. ఇద్దరు పిల్లలతో వెళ్ళేవాళ్ళు దాంతో సర్దుకోగలరేమో ఇక్కడుండగానే మాట్లాడుకోవాలి. అద్దె దగ్గర రెండు అంకెలుంటాయి. 'కాల్ట్‌మీటె' ఒట్టి గోడలకి ఇచ్చేది. దానికి హీటింగు, నీళ్ళు, చెత్త, మెట్లు తుడవడం లాంటి ఖర్చులు కలిపితే 'వార్మ్‌మీటె'. కరెంటు, ఇంటర్నెట్ ఇందులో కూడా ఉండవు. అమర్చిన ఇళ్ళకి మాత్రం చాలాచోట్ల అన్నీ కలిపి ఒకే మొత్తం చెబుతారు. ఒక ప్రకటనలోని కాల్ట్‌ని ఇంకో ప్రకటనలోని మొత్తంతో పోల్చి 'అమ్మో, సగానికి సగం ఎక్కువ' అనుకోవడం మామూలుగా జరిగే తప్పు.

ఖాళీ ఇల్లంటే ఎంత ఖాళీ

మన దగ్గర ఖాళీ ఇల్లన్నా గట్టు, సింకు, ఫ్యాన్లు, లైట్లు ఉంటాయి. జర్మనీ ఖాళీ ఇంట్లో వంటగది అనే గదిలోకి వెళ్తే చాలాసార్లు కనిపించేవి గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు నీళ్ళ పైపులు, ఒక డ్రెయిన్ గొట్టం, కింద మూతపెట్టిన ఒక కరెంటు బాక్సు. అంతే. సింకు లేదు, గట్టు లేదు, పొయ్యి లేదు. తలెత్తితే సీలింగు మధ్యలో రెండు మూడు వైర్లు వేలాడుతుంటాయి. బల్బు హోల్డర్ కూడా పాత అద్దెవాళ్ళు ఊడదీసుకుని వెళ్ళుంటారు. తాళాలు తీసుకున్న రోజు సాయంత్రం చీకట్లో కూర్చోకూడదనుకుంటే ఒక టేబుల్ ల్యాంపు, ఎక్స్‌టెన్షన్ బోర్డు వెంట తీసుకెళ్ళాలి.

ప్రకటనలో 'ఆయిన్‌బౌకూఖె' అన్న మాట గానీ, దాని పొట్టిరూపం 'ఈబీకే' గానీ ఉంటే వంటగది బిగించి ఉందని అర్థం. మీకు ఖాళీ ఇల్లే కావాలనుకున్నా ఈ మూడక్షరాలున్న ఇంటికి నెలకి 100 యూరోలు ఎక్కువైనా ఇవ్వొచ్చు. ఎందుకంటే వంటగదిని మీరే బిగించుకుంటే డబ్బు ఒక్కటే పోదు. ఆర్డరు పెట్టిన క్యాబినెట్లు రావడానికి వారాలు పట్టొచ్చు. పొయ్యి కనెక్షన్ 400 వోల్టుల త్రీఫేజ్, దాన్ని ఎలక్ట్రీషియనే కలపాలి. మీరే కలుపుకుని ఏదైనా కాలితే బీమా కంపెనీ చేతులెత్తేసే ప్రమాదం ఉంది. అప్పటిదాకా ప్లగ్గుకి పెట్టుకునే ఒంటి ఇండక్షన్ స్టవ్వే దిక్కు. ఆ స్టవ్వు మీద ఇంటి నుంచి తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. అడుగున అయస్కాంతం అతుక్కునే స్టీలు కుక్కరే తీసుకెళ్ళాలి.

పాతవాళ్ళు తమ వంటగదిని అక్కడే వదిలి, దానికింత ఇమ్మని అడగడమూ ఉంది. ఆ సొమ్ముని 'ఆబ్లోజె' అంటారు. ఇది మంచి బేరమే, కానీ ఒక చిక్కుంది. డబ్బిచ్చాక ఆ వంటగది మీది. మీరు ఖాళీ చేసేటప్పుడు తర్వాత వచ్చేవాళ్ళు వద్దంటే, ఓనరూ వద్దంటే, మీరే విప్పి మోసుకెళ్ళి పారేయాలి. ఇండియా ఫ్లైటుకి వారం ముందు గ్రానైట్ లాంటి బరువున్న గట్టుచెక్కని మూడో అంతస్తు నుంచి దించడం ఎంత పనో చెప్పక్కర్లేదు. కాబట్టి ఆబ్లోజె ఇచ్చే ముందే ఓనరుని ఒక ఈమెయిల్ రాయించుకోండి: ఖాళీ చేసేటప్పుడు వంటగదిని అలాగే వదిలి వెళ్ళొచ్చని.

అమర్చిన ఇంట్లో మన వంట

సామాను కొనే పని లేదు, వచ్చిన రోజే పప్పూ అన్నం వండుకోవచ్చు. అమర్చిన ఇంటి సుఖం అది. దాని ఇబ్బందులు కూడా వంటగదిలోనే మొదలవుతాయి. పొయ్యి మీది చిమ్నీ చాలా ఇళ్ళలో పొగని బయటికి పంపదు. బొగ్గు ఫిల్టర్ గుండా లాగి మళ్ళీ గదిలోకే వదులుతుంది. ఇంగువ తిరగమోత వాసన దానికి లొంగదు. వంటగది, హాలు కలిసి ఉన్న ఇళ్ళలో ఆ వాసన గుడ్డ సోఫాకీ కర్టెన్లకీ పట్టి, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోతగా తేలుతుంది. తెల్లటి లామినేట్ గట్టు మీద పడ్డ పసుపు అరగంట ఆగితే మరక. అందుకే ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు గోడలు, గదులు కాదు, ఇవి చూడండి: వంటగదికి వేరే తలుపు ఉందా, కిటికీ ఉందా, సోఫా గుడ్డదా తోలుదా. తలుపూ కిటికీ ఉన్న చిన్న వంటగది, అందమైన ఓపెన్ కిచెన్ కంటే వెయ్యి రెట్లు నయం.

సామాను జాబితా మీద సంతకం పెట్టేముందు ప్రతి గిన్నె తిప్పి చూడాలి. ఫ్రైయింగ్ పాన్ మీద గీతలు, గాజు పొయ్యి మీద గీతలు, పరుపు మీద మరకలు ఫోటో తీసి అదే రోజు ఓనరుకి మెయిల్ చేయాలి. ఆ తేదీనే మీకు సాక్ష్యం. తర్వాత వాళ్ళ నాన్‌స్టిక్‌లన్నీ ఒక పెట్టెలో పెట్టి అటక మీదకి ఎక్కించి, మీ స్టీలు సామాను వాడుకోండి. కుక్కర్ అడుగు గరుకుగా ఉంటే గాజు పొయ్యి మీద లాగకూడదు, ఎత్తి పెట్టాలి.

బాత్‌రూమ్ సంగతి ఏ ఇంటికైనా ఒకటే గానీ, నష్టం ఎక్కువ కనక చెప్పాలి. షవరు, టబ్బు బయట నేలకి నీళ్ళు పోయే తూము ఉండదు. బకెట్టుతో నీళ్ళు కొట్టి కడిగితే అవి టైల్స్ సందుల్లోంచి కింది ఇంటి సీలింగుకి దిగుతాయి. తడిగుడ్డతో తుడవడమే. ఈ రకం నష్టాలకీ, మొత్తం బిల్డింగు తాళాలు మార్చాల్సి వచ్చేలా తాళంచెవి పోగొట్టుకోవడానికీ 'హఫ్ట్‌ఫ్లిష్ట్' అనే బీమా ఉంది. కుటుంబం మొత్తానికి ఏడాదికి నూరు యూరోల లోపే దొరుకుతుంది. పాలసీలో అద్దె ఇంటికి జరిగే నష్టం, తాళాలు పోవడం రెండూ ఉన్నాయో లేదో చూసి తీసుకోండి.

ఇంకొకరి ఇంట్లో కొన్నాళ్ళు

ట్స్విషెన్‌మీటె ఒక్కోసారి అన్నిటికంటే చవక. పాత లీజు మీద తక్కువ అద్దె కట్టేవాళ్ళు అదే అద్దెకి ఇస్తారు, వాళ్ళ పిల్లల బొమ్మలూ సైకిళ్ళూ కూడా వాడుకోమంటారు. కానీ ఇందులో మీకు ఇల్లు ఇస్తున్నవాళ్ళు ఓనరు కారు. అసలు ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకున్న కాగితం చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. ఆ ఒప్పుకోలు లేకపోతే వాళ్ళ లీజే రద్దు కావచ్చు, దాంతో మీరూ బయటికి. ఇచ్చేవాళ్ళు వెనక్కి వచ్చే తేదీ మీ ప్రాజెక్టు కోసం మారదు కూడా. తొమ్మిది నెలలకని తీసుకుని, ఆఫీసు ఇంకో ఆరు నెలలు పొడిగిస్తే, పిల్లల బడి మధ్యలో మళ్ళీ ఇల్లు వెతకాలి. ఒక్క జీతంతో ఇద్దరు పిల్లలున్నవాళ్ళకి ఇది సరిపడే దారి కాదని మా అభిప్రాయం. పిల్లలు ఇంకా బడికి వెళ్ళని వయసైతే నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఓనరు లండన్‌లో ఉన్నాడు, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయి అనే ప్రకటన ఏ రకం ఇంటికైనా మోసమే. ఇల్లు చూడకుండా, లేదా నమ్మకమైనవాళ్ళతో చూపించకుండా డబ్బు కట్టొద్దు.

లెక్క

మధ్యరకం నగరంలో 70 చదరపు మీటర్ల ఇంటికి అంకెలు ఇలా అనుకుందాం. మ్యూనిక్ అయితే రెండువైపులా పెరుగుతాయి, లైప్‌జిగ్ అయితే తగ్గుతాయి. మీ ఊరి అంకెలు పెట్టుకోండి, పద్ధతి ఒకటే.

అమర్చిన ఇల్లు అన్నీ కలిపి నెలకి 2,000 యూరోలు. ఖాళీ ఇల్లు వార్మ్‌మీటె 1,300, కరెంటు 70, ఇంటర్నెట్ 40, మొత్తం 1,410. నెలకి మిగిలేది 590.

ఖాళీ ఇంట్లో పెట్టే ఖర్చు: వంటగది బిగింపుతో సహా 3,500, వాషింగ్ మెషిన్ 400, మంచాలు పరుపులు 700, బీరువా 400 (గోడ అల్మరాలు ఉండవు), సోఫా, భోజనం బల్ల 700, లైట్లు కర్టెన్లు 250, వ్యాను అద్దె, పనిముట్లు 150. వెరసి 6,100. వెళ్ళేటప్పుడు అమ్మితే 1,400 వస్తే గొప్ప. అంటే పోయేది 4,700. దానికి ఖాళీ చేసేటప్పుడు గోడలకి రంగు 300, నోటీసు పీరియడ్‌లో మీరు లేకపోయినా కట్టే ఒక నెల అద్దె 1,400 కలపండి. మొత్తం 6,400. దీన్ని 590తో భాగిస్తే దాదాపు 11. ఆ ఇంట్లో పదకొండు నెలలుంటేనే ఖర్చు పూడుతుంది, లాభం పన్నెండో నెల నుంచి.

మొదటి మూడు నెలలు ఎలాగూ అమర్చిన ఇంట్లోనే గడుస్తాయి. చేతిలో జర్మనీ జీతం స్లిప్పులు, అప్పుల చరిత్ర చెప్పే 'షూఫా' కాగితం లేకుండా మంచి లీజు దొరకడం అరుదు. కాబట్టి ఏడాదికని వెళ్ళినవాళ్ళు ఖాళీ ఇంట్లో ఉండేది తొమ్మిది నెలలే. మిగిలేది 5,310, పోయేది 6,400. వెయ్యికి పైగా చేతి నుంచి వదులుతుంది, రెండుసార్లు ఇల్లు మారిన శ్రమ అదనం. రెండేళ్ళకి వెళ్ళినవాళ్ళు అదే ఇంట్లో 21 నెలలుంటారు. 12,390 మిగుల్చుకుని 6,400 పోగొట్టుకుంటారు, దగ్గర దగ్గర 6,000 లాభం.

ఈబీకే ఉన్న ఖాళీ ఇల్లయితే చిత్రం మారుతుంది. పెట్టుబడి 2,600కి దిగుతుంది, అమ్మకంలో 700 వస్తాయి. నోటీసు నెల, రంగు కలిపినా పోయేది 3,600, అద్దె అంతే ఉంటే దాదాపు ఆరు నెలల్లో పూడుతుంది. ఇంకా మేలైనది, తిరిగి వెళ్ళిపోతున్న మన కుటుంబం నుంచి వంటగది, మంచాలు, వాషింగ్ మెషిన్ మొత్తం ఒకే ధరకి తీసుకుని లీజు కూడా అందుకోవడం. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, బెర్లిన్ లాంటి చోట్ల తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటివి వస్తుంటాయి. కానీ సామాను అమ్మేది వాళ్ళు, లీజు ఇచ్చేది ఓనరు. ఓనరు మీతో సంతకం పెట్టే ముందు సామానుకి పైసా ఇవ్వొద్దు.

నోటీసు దగ్గర మునిగేది ఎలాగంటే

ఖాళీ ఇంటి మామూలు లీజుకి అద్దెదారు ఇవ్వాల్సిన నోటీసు మూడు నెలలు. ఆ నెల లెక్కలోకి రావాలంటే మూడో పనిదినంలోగా ఓనరు చేతికి అందాలి. మార్చి మూడో పనిదినానికి అందితే మే 31తో తీరుతుంది. ఒక్కరోజు ఆలస్యమైతే జూన్ 30. ఈమెయిల్, వాట్సాప్ చెల్లవు. కాగితం మీద పెన్నుతో పెట్టిన సంతకం కావాలి. లీజులో భార్యాభర్తలిద్దరి పేర్లుంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. భార్యాపిల్లలు ముందే ఇండియా వెళ్ళిపోయి, ఒక్కరి సంతకంతో నోటీసు పంపి, అది చెల్లక ఇంకో నెల అద్దె కట్టే పరిస్థితి ఇలాగే వస్తుంది.

ఇది నయం. అసలు ప్రమాదం 'క్యూండిగుంగ్స్‌ఫెర్జిఖ్ట్' అన్న మాటలో ఉంది. ఇన్నాళ్ళ దాకా ఇల్లు వదలం అని ఇరుపక్షాలూ రాసుకునే షరతు అది. ఏడాది, రెండేళ్ళు పెడుతుంటారు. చట్టం నాలుగేళ్ళ వరకూ అనుమతిస్తుంది. తేదీతో ముగిసే లీజు కూడా అంతే, మధ్యలో మామూలు నోటీసుతో తప్పుకోలేరు. 'ఆఫీసు వెనక్కి పిలిచింది' అన్నది దీన్ని తెంపే కారణం కాదు. ముగ్గురు కొత్త అద్దెదారులని చూపిస్తే ఓనరు వదిలేయాలని అక్కడివాళ్ళే చాలామంది నమ్మకంగా చెబుతారు. చట్టంలో అలాంటిదేమీ లేదు. లీజులో ఆ షరతు రాసి ఉంటేనే హక్కు. కాబట్టి సంతకానికి ముందే రెండు వాక్యాలు అడగండి: ఉద్యోగరీత్యా దేశం విడిచి వెళ్ళాల్సి వస్తే మూడు నెలల నోటీసుతో తప్పుకోవచ్చని, లేదా తగిన కొత్త అద్దెదారుని, వాళ్ళ మాటలో 'నాఖ్‌మీటర్'ని, చూపిస్తే ముందే విడుదల చేస్తారని. పది మంది ఓనర్లలో ఎంతమంది ఒప్పుకుంటారన్నది మీ అదృష్టం, అడగకపోతే మాత్రం ఎవరూ ఇవ్వరు. ఆఫీసు ఒప్పందంలో మిగిలిన అద్దె వాళ్ళు భరిస్తారని రాయించుకోగలిగితే ఇంకా మేలు.

అమర్చిన ఇళ్ళలో, ముఖ్యంగా కంపెనీలు నడిపే సర్వీసు అపార్ట్‌మెంట్లలో, నోటీసు రెండు వారాల నుంచి నెల దాకా ఉండటం మామూలు. ఎక్కువ కట్టే అద్దెలో కొంత ఈ స్వేచ్ఛకి కట్టే ధర. ప్రాజెక్టు ఎప్పుడు ఆగుతుందో మేనేజరుకే తెలియని పరిస్థితిలో ఉంటే ఆ ధర దండగ కాదు.

చిరునామా, బడి

ఏ ఇల్లు తీసుకున్నా దిగిన రెండు వారాల్లో 'ఆన్‌మెల్డుంగ్', అంటే చిరునామా నమోదు, చేయించుకోవాలి. దానికి ఇల్లు ఇచ్చినవాళ్ళు 'వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్' అనే కాగితం సంతకం చేసి ఇవ్వాలి. హోటళ్ళు, రోజువారీ అద్దె ఇళ్ళు చాలావరకు ఇవ్వవు. అమర్చిన ఇల్లు బుక్ చేసేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. నమోదు లేకపోతే ఆదాయపన్ను నంబరు రాదు, అది లేకపోతే అక్కడి పేరోల్ మీద ఉన్నవాళ్ళకి ఆరో తరగతి పన్ను పడే ప్రమాదం ఉంది. జీతంలో పెద్ద ముక్క కోసేస్తారు, తర్వాత వెనక్కి వస్తుంది గానీ మొదటి నెలల్లోనే చెయ్యి ఆడదు. పోస్టు డబ్బా మీద మీ ఇంటిపేరు అంటించడం మరచిపోవద్దు. పేరు లేని డబ్బాలో పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వేయడు, బ్యాంకు కార్డూ పన్ను నంబరూ రెండూ వెనక్కి వెళ్ళిపోతాయి.

ఆరేళ్ళు నిండిన పిల్లలకి బడి తప్పనిసరి. ఇంట్లో చదివిస్తామంటే కుదరదు. చాలా రాష్ట్రాల్లో ప్రాథమిక బడి మీ చిరునామా ప్రకారం వస్తుంది. అమర్చిన ఇల్లు ఊరికి ఒకవైపు, తర్వాత తీసుకునే ఖాళీ ఇల్లు ఇంకోవైపు అయితే, అప్పుడే 'గూటెన్ మోర్గెన్' అలవాటైన పిల్లకి మళ్ళీ కొత్త టీచరు. మొదటి ఇంటిని ఆఫీసు పక్కన కాకుండా, తర్వాత ఉండాలనుకున్న పేటలోనే వెతకడం మేలు. ఆఫీసుకి ట్రాము ఉంటుంది.

కరెంటు గురించి కంగారు పడక్కర్లేదు. ఏ కంపెనీతోనూ ఒప్పందం పెట్టుకోకపోతే ఆ ఊరి మూల సరఫరాదారు ఇస్తాడు. రేటు కాస్త ఎక్కువ, కానీ రెండు వారాల నోటీసుతో ఆపేయొచ్చు. ఇంటర్నెట్ మాత్రం 24 నెలలకి అంటగడతారు, నెలవారీ ప్లాను అడిగి తీసుకోండి. టీవీ ఉన్నా లేకున్నా ప్రతి ఇంటికీ నెలకి 18.36 యూరోల ప్రసార రుసుము ఉంది.

వెళ్ళేటప్పుడు

తాళాలు ఇచ్చే రోజు మీటర్ల అంకెలు, గోడల స్థితి అన్నీ అప్పగింత పత్రంలో రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి. షవరు గాజు మీద, పంపుల చుట్టూ పేరుకున్న తెల్లటి సున్నపు పొర ముందురోజే నిమ్మఉప్పు కలిపిన నీళ్ళతో తీసేయండి, డిపాజిట్ కోతల్లో అది చిల్లరగా కనిపించే పెద్ద పద్దు. 'ఆప్‌మెల్డుంగ్', అంటే చిరునామా రద్దు, వెళ్ళడానికి వారం ముందు నుంచి చేయించుకోవచ్చు. ఆ కాగితం స్కాన్ చేసి పెట్టుకోండి. ప్రసార రుసుము ఆపడానికి, ఇంటర్నెట్ రద్దుకి అడిగేది దాన్నే.

డిపాజిట్ చట్టం ప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటె మించకూడదు, ఇచ్చేటప్పుడు మూడు వాయిదాల్లో ఇవ్వొచ్చు. తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. అందులోంచి కొంత, హీటింగు లెక్క తేలేదాకా ఓనరు ఆపుకుంటాడు. ఆ లెక్క ఏడాది ముగిశాక పన్నెండు నెలల్లోపు ఎప్పుడైనా పంపొచ్చు: 2026 మేలో ఖాళీ చేస్తే, క్యాలెండరు ఏడాది లెక్కయితే, 2027 డిసెంబరు 31 దాకా గడువు. జర్మన్ బ్యాంకు ఖాతా అప్పటిదాకా మూయకుండా ఉంచి, ఓనరుకి ఖాతా నంబరుతో పాటు ఇండియా చిరునామా, పనిచేసే ఈమెయిల్ రాసిచ్చి రండి.